బురదదారి పికప్పుబండి: అభిమానుల మాటలలో మనకు పనికివచ్చున దేది?

రథసప్తమినాటికి మన అరసవల్లి ప్రాంతమున నూర్పులు ముగిసి ధాన్యపుసొమ్ము చేతికి వచ్చును. ఆ దినములలో రైతుయువకుల నోట తరచుగా వినవచ్చు మాట "ఫోర్ బై ఫోర్" పికప్పు. ముందు అయిదుగురు కూర్చుండు గది, వెనుక సరకు వేయు తొట్టి, నాలుగు చక్రములకును ఇంజనుబలము, ఇదియే దాని స్వరూపము. దానిని గూర్చి వీరికి తెలిసిన దంతయు మోటారు అభిమానులు చెప్పినదే. ఆ అభిమానులు అబద్ధమాడువారు కారు. అయితే వారు ఆదివారమునాడు బండిని కొండ యెక్కించి, సోమవారమునాడు కడిగి కొట్టములో పెట్టువారు. మనము సోమవారమునుండి దానిచేత పని చేయించుకొనవలసినవారము. కావున వారి మాటలను మన పొలముదారికి తెచ్చి పరీక్షింపవలసి యున్నది.

ఈ తరగతి బండ్లలో మన రాష్ట్రముననే తయారైనది ఇసుజు వారి డీ-మాక్స్ వీ-క్రాస్. ఇప్పుడు తిరుపతి జిల్లాలో నున్న శ్రీసిటీయందు వారి కర్మాగారము 2016 ఏప్రిలులో ప్రారంభమైనది. ఆ యేడే వెలువడిన వీ-క్రాస్ ప్రారంభపు వెల, రిజిస్ట్రేషను ఖర్చులు గాక, సుమారు 12 లక్షల 49 వేలు. 2022లో టొయోటా వారి హైలక్స్ మన దేశమున సుమారు 34 లక్షల వెలతో ప్రవేశించెను. వెలలో ఇంత భేదమున్నను అభిమానులు ఈ రెంటిని ప్రక్కప్రక్కనే నిలిపి వాదులాడుకొందురు.

వారు మొదట పొగడునది బండి కడుపుక్రింద నుండు ఎత్తును. వీ-క్రాసున కది సుమారు 220 మిల్లీమీటర్లు, అనగా ఎనిమిదిన్నర అంగుళములకు పైమాట. ఈ పొగడ్త న్యాయమైనదే. నాటుబండ్లు తొక్కిన గాడులనడుమ మిగులు మిట్ట మామూలు కారు కడుపును గీరివేయును. ఈ బండి దానిని దాటిపోవును.

తరువాతిది నాలుగుచక్రముల బలము. మామూలు రోడ్డుపై వెనుకచక్రములే బండిని నెట్టును. మీట త్రిప్పినచో ముందుచక్రములును లాగును. "లో" అను గేరు వేసినచో వేగము తగ్గి చక్రములను త్రిప్పు బలము సుమారు రెండున్నర రెట్లగును. సీతంపేట కొండదారులలో అనాసపండ్లు దింపువారికి, తడిసిన కాలువగట్టుపై ఎరువు చేరవేయువారికి ఇది మెచ్చదగిన సాధనము. ఎండిన తారురోడ్డుపై మాత్రము దీనిని వాడరాదు. మలుపులలో ముందుచక్రములు, వెనుకచక్రములు సమానముగా తిరుగవు గనుక లోపలి పండ్లచక్రములు ఒత్తిడికి లోనగును.

అభిమానులు చెప్పని విషయ మొకటి కలదు. వారు దమ్ముచేసిన వరిమడిని చూచినవారు కారు. కొండబురద క్రింద రాయి గాని గట్టినేల గాని దొరకును. మన మడిలో పైజిగురు దిగి గట్టిపొర తగులునప్పటికే బండికడుపు బురదపై ఆని నిలిచిపోవును. ట్రాక్టరుకే దమ్ముచక్రములు కావలసిన చోట పికప్పు ఏమి చేయగలదు? పైగా కర్మాగారమునుండి వచ్చు రోడ్డుటైర్ల గాళ్లలో జిగటమన్ను నిండినచో టైరు నున్నని రోకలివలె జారును. అభిమానులు బండి కొనగానే టైర్లు మార్చుట యిందుకే. ఆ ఖర్చును వెలలో చేర్చి చూడవలెను.

ఒక చక్రము గాలిలో లేచినచో బలమంతయు దానికే పోయి అది వృథాగా తిరుగుట ఇరుసు స్వభావము. ఇరుప్రక్కల చక్రములను బిగించి ఒక్కటిగా త్రిప్పు "లాకు" హైలక్సు వెనుక ఇరుసున నున్నది. 2016 నాటి వీ-క్రాసున లేదు. అభిమానులు ఆనాడు చేసిన ఫిర్యాదులలో ఇది నిజమైన ఫిర్యాదు. ఇంజను పరిమాణము 2.5 లీటర్లనుండి 1.9కి తగ్గినదని వారు పెట్టిన గోల మాత్రము అంత పట్టించుకొనదగినది కాదు. ఆ చిన్న ఇంజనే పెద్దదానికంటె ఎక్కువ బలము చూపినది.

ఖాళీగా నున్నప్పుడు వెనుకభాగము ఎగిరి పడునని వారు విసుగుకొందురు. అది బరువు మోయుటకై వేసిన కమానుపట్టీల గుణము. ఖాళీ నాటుబండి గడగడలాడదా? అయిదు మీటర్లు దాటిన పొడవు మాత్రము మనకును చిక్కే. ఇరుకువీథిలో, కళ్లము మలుపులో ఒక్కసారిగా తిరుగదు.

నీటిలో దిగుట అభిమానులకు మిక్కిలి సరదా. హైలక్సు 700 మిల్లీమీటర్ల నీటిని దాటునని చెప్పుదురు. అది రెండడుగుల మూడంగుళములకు పైమాట. ఆ లెక్క నిలిచిన నీటికి. పరుగెత్తు నీరు రెండడుగులున్నచో పికప్పులతో సహా పెక్కు బండ్లను కొట్టుకొనిపోగలదని అమెరికా వాతావరణశాఖవారు హెచ్చరించుచున్నారు. నాగావళి, వంశధార వరదలు చూచిన మనము ఈ రెండవమాటనే నమ్మవలెను.

ఇక సరదాగాండ్రు మాటాడనివి కాగితముల సంగతులు. మన భూమి పోవుటకైనను నిలుచుటకైనను ఇవియే కారణములు. మోటారులైటు లైసెన్సు గలవాడు 7500 కిలోలకు లోబడిన సరకుబండిని గూడ నడుపవచ్చునని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము తేల్చినది. కావున లైసెన్సు భయము లేదు. భయము భీమాలో నున్నది. సొంతవాడుకకని రిజిస్టరు చేయించిన బండిలో పొరుగువాని ధాన్యమును బాడుగకు తోలినచో, ప్రమాదము జరిగినపుడు భీమాకంపెనీ చేయి దులుపుకొనవచ్చును. సరకుబండి తొట్టిలో ఊరక ఎక్కించుకొన్న మనుష్యుల నష్టమునకు భీమాకంపెనీ బాధ్యత లేదని 2002లోనే సుప్రీంకోర్టు చెప్పియున్నది. ఊడ్పులనాడు దారిలో కనబడినవారినెల్ల తొట్టిలో ఎక్కించుకొనుట మన వాడుక. ఒక్క బోల్తాతో ఆ పరిహారము యజమాని పొలముపై పడును.

బరువు సంగతియు చూడుడు. రిజిస్ట్రేషను పత్రములో మొత్తపు బరువు, ఖాళీ బరువు వేర్వేరుగా వ్రాసియుండును. మొదటిదానినుండి రెండవదానిని తీసివేయుడు. ఎక్కు మనుష్యుల బరువును గూడ తీసివేయుడు. మిగిలినదే సరకు. షోకుబండికి ఈ మిగులు తక్కువగా నుండును. మహీంద్రావారి బొలేరో క్యాంపరు వంటి పనిబండి వేయి కిలోలు, అనగా 40 కిలోల బస్తాలు ఇరువదియైదు, మోయుటకు ఉద్దేశింపబడినది. ఏటి పొడుగునను ధాన్యము తోలువానికి ఆ లెక్క ముఖ్యము. కొండపంట దింపువానికి నాలుగుచక్రముల బలము ముఖ్యము.

ఎద్దును కొనునపుడు పండ్లు చూచి, కాడి కట్టి నాలుగు సాళ్లు దున్నించి గాని మనము బేరము తెగనీయము. పరీక్షకు ఇచ్చు బండిని నున్నని రోడ్డుపై త్రిప్పి తృప్తిపడక, రెండు వానలు పడిన తరువాత, బస్తాలు వేసి, మీ సొంత పొలముదారిలో నడిపింపుమని అమ్మువారిని అడుగుడు. మరమ్మతుశాల శ్రీకాకుళములో నున్నదో, విశాఖపట్టణమునకు పోవలెనో, విడిభాగము ఎన్ని దినములలో వచ్చునో వారిచేత కాగితముపై వ్రాయించుకొని, ఆ తరువాతనే బయానా ఇయ్యుడు.