విరిగేదాకా తెలియని ఎముకల వ్యాధి
గర్భసంచి తొలగించిన మహిళలకు ముందస్తు పరీక్షే రక్ష

వరంగల్: పత్తి ఏరుతూ, మిరప కోస్తూ పొద్దంతా వంగి పనిచేసే మహిళకు నడుం నొప్పి వస్తే పనిభారమేనని ఇంటిల్లిపాదీ సరిపెట్టుకుంటారు. వెన్నుపూస నలిగి వీపు వంగినా వయసు మీద పడిందంటారు. వాకిట్లో కాలుజారి తుంటి విరిగిన నాడుగానీ అసలు వ్యాధి బయటపడదు. ఎముకలు లోలోపలే గుల్లబారే ఈ వ్యాధే ఆస్టియోపొరోసిస్.

ముప్పు ఎందుకు?
ఎముకలో పాత భాగం కరిగి కొత్తది చేరడం జీవితాంతం సాగే ప్రక్రియ. కరుగుదలను ఈస్ట్రోజన్ హార్మోన్ అదుపులో ఉంచుతుంది. ముట్లుడిగాక ఆ హార్మోన్ తగ్గి ఎముక వేగంగా క్షీణిస్తుంది. గర్భసంచితోపాటు అండాశయాలనూ తొలగిస్తే ఈ స్థితి ఒక్కసారిగా ఎదురవుతుంది. అండాశయాలను ఉంచినా అవి కొన్నేళ్లు ముందే పనిచేయడం మానేసే అవకాశముంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తొలగించుకున్నవారు దేశంలో 3.2 శాతం కాగా, తెలంగాణలో 7.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం.

దీనికి కాల్షియం కొరత తోడవుతోంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ అల్పాదాయ వర్గాల మహిళలపై జరిపి 2005లో ప్రచురించిన అధ్యయనంలో, వారికి ఆహారం ద్వారా రోజుకు సుమారు 270 మిల్లీగ్రాముల కాల్షియమే అందుతున్నట్లు తేలింది. పెద్దలకు 1000, ముట్లుడిగిన వారికి 1200 మిల్లీగ్రాములు అవసరమని అదే సంస్థ 2020లో సిఫారసు చేసింది.

ఎవరికి పరీక్ష?
65 ఏళ్లు దాటిన మహిళలు, 45 ఏళ్లలోపే ముట్లుడిగినవారు లేదా అండాశయాలు తొలగించినవారు, చిన్నపాటి దెబ్బకే ఎముక విరిగినవారు, నెలల తరబడి స్టెరాయిడ్లు వాడేవారు వైద్యుని సంప్రదించాలి. ముట్లుడిగిన ఆసియా మహిళలకు ఒక తేలికైన లెక్క ఉంది. వయసులోంచి కిలోల్లోని బరువును తీసివేయాలి. 68 ఏళ్ల మహిళ బరువు 42 కిలోలైతే మిగిలేది 26. మిగిలినది 20 దాటితే ముప్పు ఎక్కువని అర్థం. చిన్న వయసులో శస్త్రచికిత్స జరిగినవారికి ఈ లెక్క సరిపోదు.

నిర్ధారణ ఇలా..
ఎముక సాంద్రత బాగా తగ్గితేగానీ మామూలు ఎక్స్‌రేలో తెలియదు. నడుము, తుంటి భాగాలకు డెక్సా స్కాన్ చేయాలి. అందులో వచ్చే టీ స్కోరు మైనస్ 1, అంతకు పైన ఉంటే సాధారణం. మైనస్ 2.5, అంతకు దిగువన ఉంటే వ్యాధి ఉన్నట్లు. నడుమ ఉంటే ఎముక పలచబడుతోందని అర్థం. రక్తంలో కాల్షియం, విటమిన్ డి, థైరాయిడ్, మూత్రపిండాల పరీక్షలూ అవసరమే.

చికిత్స, జాగ్రత్తలు
వైద్యుడు రాసిన అలెండ్రోనేట్ మాత్రను వారానికోసారి పరగడుపున గ్లాసెడు మంచినీళ్లతో మింగి, అరగంటపాటు ఏమీ తినకుండా, పడుకోకుండా ఉండాలి. లేకుంటే అన్నవాహికలో పుండు పడవచ్చు. కొందరికి ఏడాదికోసారి జొలెడ్రోనిక్ యాసిడ్‌ను నరం ద్వారా ఎక్కిస్తారు. రాగులు, నువ్వులు, మునగాకు, పాలు, పెరుగు ఆహారంలో ఉండాలి. నడక మేలు చేస్తుంది. పొగాకు మానాలి. స్నానాల గదిలో నాచు లేకుండా, రాత్రివేళ దారిలో దీపం ఉండేలా చూసుకోవాలి.

ఎంజీఎం వంటి ప్రభుత్వాసుపత్రుల్లో ఎముకల వైద్యుని వద్దకు వెళ్లేటప్పుడు పాత శస్త్రచికిత్స కాగితాలు వెంట తీసుకెళ్లాలి. అండాశయాలు తొలగించారో లేదో వాటిలోనే ఉంటుంది.