కుట్లు ఊడిపోవు.. కాళ్లాడించండి!

ఆత్రేయపురం: పెద్ద ఆపరేషన్ అయిన మనిషిని చూడబోయిన చుట్టాలు ముందుగా చెప్పే మాట ఒకటే. ‘కదలకురా అబ్బాయ్, కుట్లు ఊడిపోతాయి’. ఆ మాటతో రోగి కొయ్యలా బిగుసుకుపోతాడు. దగ్గొచ్చినా ఆపుకుంటాడు. ఊపిరి పైపైనే తీసుకుంటాడు. రెండు మూడు రోజులయ్యేసరికి జ్వరం, ఆయాసం మొదలవుతాయి. కోసిన చోటు బాగానే ఉంటుంది. చెడేది ఊపిరితిత్తులు. అడుగు భాగాలకు గాలి అందక కఫం పేరుకుపోతుంది. కదలని పిక్కల్లో రక్తం గడ్డకట్టవచ్చు కూడా. ఆ గడ్డ జారి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికే వస్తుంది.

దీనికి విరుగుడు ఖర్చు లేనిది. మంచం మీద పడుకునే చేసే నాలుగైదు చిన్న కసరత్తులు. అయితే వాటిని ఆపరేషన్ తర్వాత కాదు, ముందే నేర్చుకోవాలి. మత్తూ నొప్పీ కమ్మినప్పుడు ఎవరేం చెప్పినా బుర్రకెక్కదు.

ఇక్కడివారికి పెద్ద ఆపరేషనంటే రాజమండ్రికో కాకినాడకో ప్రయాణం. గర్భసంచి కానీయండి, పేగు కానీయండి, గుండె కానీయండి, తేదీ ఇచ్చాక కొన్నాళ్లు ఇంట్లోనే గడుస్తాయి. ‘మత్తులోంచి మళ్లీ లేస్తానా, నొప్పి ఓర్చుకోగలనా’ అన్న బెంగతో నిద్ర పట్టదు. ఆ రోజుల్నే వాడుకోవాలి.

ముందే చెప్పడం వల్ల ఒరిగేదేమిటో 1964లోనే అమెరికాలోని బోస్టన్ నగరంలో తేలింది. అక్కడి మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో పొట్ట ఆపరేషన్లకు వచ్చిన 97 మందిలో సుమారు సగం మంది దగ్గరికి మత్తు డాక్టర్లు ముందురోజే వెళ్లి కూర్చున్నారు. నొప్పి ఎక్కడ వస్తుందో, ఎందుకు వస్తుందో, పొట్ట కండరాలు వదులు చేసి పక్కకు ఎలా తిరగాలో, ఊపిరి ఎలా తీయాలో చెప్పారు. వాళ్లకు నొప్పి మందు మిగతావారికి పట్టిన దానిలో సగమే పట్టింది. ఎవరికి చెప్పారో ఎవరికి చెప్పలేదో తెలియని సర్జన్లే వీళ్లను సగటున 2.7 రోజులు ముందుగా ఇంటికి పంపారు. ఆ తర్వాత 2018లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఆసుపత్రుల్లో 441 మంది మీద చేసిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. ఆపరేషన్‌కు ముందు ఫిజియోథెరపిస్టు అరగంట కూర్చుని ఊపిరి కసరత్తు నేర్పితే, ఊపిరితిత్తుల చిక్కులు నూటికి 27 మంది నుంచి 12 మందికి తగ్గాయి. అరగంట మాటకు అంత ఫలితం!

ముందు ఊపిరి సంగతి. దిండు ఎత్తుగా పెట్టుకుని వెల్లకిలా పడుకోండి. పొట్ట మీద చెయ్యి వేసుకోండి. సంపెంగపువ్వు వాసన చూసినట్టు ముక్కుతో నిదానంగా పీల్చాలి, చెయ్యి పైకి లేవాలి. రెండు మూడు క్షణాలు ఆపి, వేడి టీ ఊదినట్టు పెదవులు సున్నా చుట్టి మెల్లగా వదలాలి. మెలకువగా ఉన్నంతసేపూ గంటకు పదిసార్లు చాలు. వదిలే ఊపిరి ఎంత నిదానమైతే గుండెదడ అంత సర్దుకుంటుంది. ఆపరేషన్ థియేటర్‌కు తీసుకెళ్లే బండి మీద పడుకున్నప్పుడు కూడా దీన్ని చేసుకోవచ్చు. కొబ్బరాకు మంట ముందు గంటల తరబడి కూర్చుని పూతరేకులు తీసే ఆడవాళ్లు, చుట్ట అలవాటున్న పెద్దలు ఈ కసరత్తును మరింత శ్రద్ధగా చేయాలి. చుట్ట మానేది మాత్రం ముందురోజు కాదు, కనీసం నాలుగు వారాల ముందు.

ఆసుపత్రిలో మూడు బంతులున్న ప్లాస్టిక్ పరికరం ఇస్తారు. చాలామంది దాన్ని బూర ఊదినట్టు ఊదుతుంటారు. అది ఊదేది కాదు, గాలి లోపలికి పీల్చేది. పీలిస్తేనే బంతులు లేస్తాయి.

దగ్గును ఆపుకోకూడదు. మడతపెట్టిన దుప్పటినో, దిండునో కోసిన చోట అదిమి పట్టుకుని దగ్గండి. కుట్లకు ఆసరా ఉంటుంది, నొప్పి తగ్గుతుంది. అదీ కష్టమైతే అద్దం మీద ఆవిరి పట్టించినట్టు ‘హా’ అని గట్టిగా గాలి వదిలినా కఫం పైకి వస్తుంది.

ఇక కాళ్లు. మత్తు దిగి స్పర్శ తెలియగానే పాదాలను ముందుకూ వెనక్కూ ఆడించాలి. కుట్టుమిషను తొక్కినట్టే. పిక్క బిగిసి వదిలినప్పుడల్లా రక్తం పైకి వెళుతుంది. మోకాలిని పక్కకేసి నొక్కి, తొడ బిగించి, అయిదు లెక్కపెట్టి వదలాలి. మడమను పక్క మీదే జారుస్తూ మోకాలు ముడిచి చాపాలి. పొట్ట ఆపరేషన్ తర్వాత గాలి పట్టేసి బాధపెడితే, రెండు మోకాళ్లూ ముడిచి దగ్గరగా ఉంచి అటూ ఇటూ కొద్దికొద్దిగా ఊపితే తేలికపడుతుంది. ఇవన్నీ నొప్పి మందు ఇచ్చిన అరగంటకు చేస్తే సుఖం.

రాత్రిళ్లు బెంగ పట్టినవాళ్లకు మరొకటుంది. పిడికిలి బిగించి వదలడం, భుజాలు బిగించి వదలడం, ఇలా ఒక్కొక్క అవయవాన్నీ సడలించుకుంటూ పోవడం. షికాగో డాక్టర్ ఎడ్మండ్ జాకబ్సన్ 1929లో దీని మీద పుస్తకమే రాశారు. మన శవాసనానికి దగ్గరి చుట్టం లెండి. కోసిన చోటును మాత్రం బిగించకూడదు.

మంచం దిగేటప్పుడు వెల్లకిలా ఉన్నవారు ఒక్కసారిగా లేవకూడదు. మోకాళ్లు ముడిచి, దుంగ దొర్లినట్టు ఒళ్లంతా ఒకేసారి పక్కకు తిరిగి, కాళ్లు కిందికి వేలాడేసి, చేతి ఊతంతో లేవాలి. గుండె ఆపరేషన్‌లో రొమ్ము ఎముక కోసినవారు చేతులతో నెట్టుకుని లేవకుండా దిండును గుండెకు హత్తుకోవాలి. తుంటి, వెన్నెముక ఆపరేషన్లకు వేరే నిబంధనలుంటాయి. ఏ కదలిక కూడదో డాక్టరును ముందే అడిగి తెలుసుకోవాలి. అడిగితే ఏమనుకుంటారో అన్న మొహమాటం ఇక్కడ పనికిరాదు.

ఒక పిక్క మాత్రమే వాచి నొప్పెడుతున్నా, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీనొప్పి వచ్చినా వెంటనే నర్సుకు చెప్పండి. ఆ కాలికి నూనె రాసి పిసకడం మనవాళ్లకు అలవాటు. ఆ పని మాత్రం చేయకండి. లోపలి గడ్డ కదిలేది అప్పుడే.