గాలిలోనికి లేచిన చక్రము

టెక్సాసులో ఉద్యోగము చేయుచున్న పాఠకులొకరు, తాము ఆఫీసునకు నడుపుకొనుచు వచ్చిన పాత హోండా ఫిట్ కారును (మన దేశమున జాజ్ అను పేరున అమ్ముడుపోయినది ఈ కారే) సెలవుదినములలో పందెములకు దింపదలచి, అక్కడి అనుభవజ్ఞుల నడుగగా, వెనుక భాగమును ఎంత బిరుసు చేసిన నంత మంచిదనియు, మలుపులో లోపలివైపు వెనుక చక్రము, స్తంభము కనబడిన కుక్క కాలెత్తినట్లు, నేల విడిచి లేచిననాడు కారు కుదిరినట్లే యనియు ఒకరు చెప్పిరట. "నాలుగు టైర్లు కొన్నది నేలను పట్టుకొనుటకు గదా, ఒకదానిని గాలిలో త్రిప్పుటకా?" అని పాఠకుల ప్రశ్న. ఇట్టి ప్రశ్న చేతికందినపుడు ఈ మాసమునకు అనుకొన్న విషయము ఏదైనను పక్కకు తొలగక తప్పదు.

ముందుగా పందెపు సంగతి నాలుగు మాటలలో. 1944లో స్థాపితమైన స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా వారు ఔత్సాహికులకై నడుపు పందెములలో బి-స్పెక్ అను తరగతి యొకటి కలదు. ఫిట్, మాజ్డా 2, ఫోర్డ్ ఫియెస్టా, ఫియట్ 500, మినీ కూపర్ మొదలగు చిన్నకార్లు ఇందు పాల్గొనును. ఇంజను తయారీదారు ఇచ్చినది ఇచ్చినట్లే యుండవలెను. ఒక జాతి కారు మఱొకదానికంటె మరీ ముందుకు పోవుచున్నచో, దాని గాలిదారికి సన్నరంధ్రపు పలకయో, వంటికి అదనపు బరువో తగిలింతురు. లోపల ఉక్కుగొట్టములతో రోల్ కేజి, దేహమును పొదివి పట్టు సీటు, పలుచోట్ల బిగించు పట్టీలు, మంటల కోర్చు నోమెక్స్ దుస్తులు, తల ముందుకు విసిరివేయబడి మెడ విరుగకుండ భుజములపై నిలుచు హాన్స్ పరికరము: వీనికగు వ్యయము పాతకారు వెలను మించినను ఆశ్చర్యము లేదు. సీట్లు, తివాసీలు తొలగించిన పిమ్మట అడుగు రేకునకు అంటియున్న శబ్దనిరోధక తారుపొరపై ఘనీభవించిన కార్బన్ డయాక్సైడు ముక్కలు పరచి, అది చలికి పెళుసెక్కగానే సుత్తితో మెల్లగా తట్టినచో పెచ్చులు పెచ్చులుగా ఊడివచ్చును. ఆ పని చూచుటకే యొక ముచ్చట. ఇంతటితో ఉపోద్ఘాతము చాలును.

అసలు మర్మము రబ్బరులో నున్నది. బడిలో మనమందఱము నేర్చినదేమి? ఒక వస్తువుపై భారము రెట్టింపైన ఘర్షణయు రెట్టింపగును. తాకుచున్న వైశాల్యముతో దానికి పని లేదు. ఈ సూత్రమును 1699లో పారిస్ అకాడమీ యెదుట అమాంటన్ చదివెను. 1785లో కూలుంబ్ తన ప్రయోగములతో దానికి ఇంచుమించు శాసనపు గౌరవము కల్పించెను. ఇది నిజమే యైనచో మన పాఠకుల కారు విషయమున బిరుసు, మెత్తన యను చర్చకే తావుండదు. ఏలయనగా, మలుపులో లోపలి టైరునుండి వంద కిలోలు తగ్గి వెలుపలి టైరుపై వంద కిలోలు చేరినపుడు, ఒకటి పోగొట్టుకొన్న పట్టును రెండవది అణుమాత్రము లోపము లేకుండ సంపాదించుకొనును, ఆ రెండింటి మొత్తము ఎప్పటివలెనే యుండును. కాని పందెగాండ్రు దశాబ్దములుగా, మలుపులో కారు ప్రక్కకు ఒరుగుటను అరికట్టు కడ్డీలు మార్చుచు, స్ప్రింగులు మార్చుచు, ప్రతి మార్పునకును కారు వేఱుగా ప్రవర్తించుట కన్నులార చూచుచుండిరి. సూత్రము తప్పా, పందెగాండ్రు భ్రాంతులా?

సూత్రము లోహములపట్ల ఒప్పు, రబ్బరుపట్ల తప్పు. ఎంత నునుపైన తలమైనను సూక్ష్మముగా చూచినచో గుట్టలు మిట్టలుగానే యుండుననియు, రెండు తలములు నిజముగా తాకునది ఆ గుట్టల కొనలవద్ద మాత్రమే యనియు, ఘర్షణ ఆ నిజస్పర్శ వైశాల్యము ననుసరించుననియు కేంబ్రిడ్జిలో బౌడెన్, టేబర్ అను శాస్త్రజ్ఞులు స్పష్టపఱచిరి. లోహపు గుట్ట భారమునకు నలిగి శాశ్వతముగా చదునగును. భారమెంత పెరిగిన నంతకు తగినట్లు నలుగును గనుక స్పర్శయు అదే నిష్పత్తిలో పెరుగును, అమాంటన్ గెలుచును. రబ్బరు నలుగదు; అణగును, వదలగానే లేచును. ఇట్లు సాగు గుణముగల గుండ్రని కొనను నొక్కినపుడు వైశాల్యము భారముతో సరిసమానముగా పెరుగదని 1882లోనే హెర్జ్ గణితముచే చూపియుండెను: భారము ఎనిమిది రెట్లయిన వైశాల్యము నాలుగు రెట్లే. ఆ గణితమును తెచ్చి రబ్బరు ఘర్షణకు జోడించి, భారము పెరిగినకొలది ఘర్షణ గుణకము తగ్గుట కిదియే కారణమని 1952లో షల్లమాక్ వ్రాసెను. గరుకైన తారురోడ్డుపై, గాలి నింపిన టైరునందు, ఈ తగ్గుదల అంత తీవ్రముగా కనబడకపోయినను, ఉన్నమాట నిజము. టైరుపై మోపిన మొదటి వంద కిలోలు ఇచ్చు పట్టు, ఆఱవ వంద కిలోలు ఈయవు. సీట్లను, తారుపొరను పీకివేసి కారును తేలిక చేసినవాడు మలుపులో గూడ లాభపడుట కిదియే హేతువు. అమాంటన్ ప్రకారమైనచో ఆ శ్రమకు మలుపులో ఫలమే యుండరాదు.

ఇపుడు కారును మలుపులోనికి తీసికొనిపోదము. బోధకొఱకు నేనొక కారును కల్పించుకొనెదను: చోదకునితో గూడ 1100 కిలోలు, ముందు చక్రములపై 660, వెనుక 440, గరిమనాభి నేలకు అరమీటరు ఎత్తున, కుడియెడమ చక్రముల మధ్యదూరము 148 సెంటీమీటర్లు. కారు బరువునకు సమానమైన పార్శ్వబలముతో మలుపు తిరుగునపుడు లోపలి చక్రములనుండి వెలుపలి చక్రములకు మొత్తము సుమారు 372 కిలోల భారము బదిలీ యగును. బిరుసు స్ప్రింగులు వేసినచో ఈ బదిలీ తగ్గునని నమ్మువారు అసంఖ్యాకులు, వారందఱును పొరబడినవారే. బరువు, ఎత్తు, వెడల్పు, వేగము కలసి నిర్ణయించిన ఆ మొత్తమును ఏ స్ప్రింగును మార్చజాలదు. స్ప్రింగులును కడ్డీలును చేయగలది పంపకము మాత్రమే: ఆ 372లో ముందు ఇరుసు మోయవలసినదెంత, వెనుక ఇరుసు మోయవలసినదెంత యని.

మెత్తని వెనుక భాగము వెనుకకు 72 మాత్రమే తీసికొని 300 ముందునకు నెట్టిన దనుకొందము. ముందు వెలుపలి టైరుపై 630, లోపలి టైరుపై 30. మన టైరు ఘర్షణ గుణకము 1.25 వద్ద మొదలై ప్రతి వంద కిలోలకు 0.05 చొప్పున తగ్గు ననుకొన్నచో, ఆ రెండును కలసి ఈయగల పట్టు 626; కావలసినది 660. ముందు భాగము చాలక, స్టీరింగు ఎంత త్రిప్పినను కారు మలుపు వెలుపలికి జారిపోవును. దీనినే అండర్‌స్టీర్ అందురు. ఆ సమయమున వెనుక టైర్లవద్ద 496 పట్టుండగా కావలసినది 440. యాబది యాఱు వృథా.

ఇక వెనుకను బిరుసు చేసి చూడుడు. వెనుక లోపలి చక్రము తనపైనున్న 220 కిలోలును వెలుపలి దానికి అప్పగించి గాలిలోనికి లేచినది. శూన్యమునకు దిగువ ఇచ్చుట కేమియు లేదు గనుక వెనుక బదిలీ 220 వద్ద ఆగును, ముందునకు మిగిలినది 152. ముందు టైర్లపై ఇపుడు 482, 178. వాని పట్టు 693! కావలసిన 660ని దాటినది. వెనుక నొంటరిగా నిలిచిన టైరు 440 భారముతో 453 ఇచ్చుచున్నది, అదియు చాలును. మూడు చక్రములపై నున్న కారు, నాలుగు చక్రములపై నున్న కారు తిరుగలేని మలుపును తిరిగెను. లేచిన చక్రము సోమరి కాదు. చేయగల త్యాగమంతయు చేసినది.

ఇంతటితో కథ ముగియలేదు. ఈ కార్లను లాగునది ముందు చక్రములే. వాని మధ్యనున్న సాధారణ డిఫరెన్షియల్ రెండు ప్రక్కలకును సమానమైన మెలిబలమునే యిచ్చును. లోపలి టైరు మోయలేని బలము వెలుపలి టైరునకును దక్కదు. 30 కిలోల భారముతో నేలను తాకీతాకనట్లున్న టైరు, మలుపు చివర యాక్సిలరేటరు నొక్కగానే పొగలు గ్రక్కుచు వట్టిగా తిరుగును, ఇంజను శక్తి యంతయు దాని పాలగును. 178 కిలోలున్నచో ఆ బాధ చాలవఱకు తీఱును. ఇంజనును ముట్టనీయని తరగతిలో గుఱ్ఱపుశక్తి దొరకు చోటు ఇదియే, వెనుక ఇరుసునందు.

వాహనగమన శాస్త్రమునకు పునాది వేసినవారిలో మారిస్ ఆలీ ముఖ్యుడు. 1930లో జనరల్ మోటార్సులో చేరిన ఈ ఆంగ్లేయుడు ముందు చక్రములకు స్వతంత్ర సస్పెన్షను కొఱకు పోరాడుచు టైర్ల నడవడిని శోధించెను. కాని నా అభిమానము విలియం మిల్లికెన్‌పైన. బోయింగువారి విమానములను పరీక్షించిన ఈ ఇంజనీరు 1948 అక్టోబరు 2వ తేదీన వాట్కిన్స్ గ్లెన్ గ్రామ వీథులలో జరిగిన తొలి పందెములో తన బుగాట్టి కారును ఒక మలుపువద్ద బోర్ల వేసెను; ఆ మలుపునకు నేటికిని ఆయన పేరే. సిగ్గుపడి ఇంట కూర్చుండుటకు మాఱుగా, బఫెలోలోని కార్నెల్ వైమానిక ప్రయోగశాలలో విమానస్థిరత్వ గణితమును కార్లకు అన్వయింపజేసి, టైర్ల బలములను యంత్రములపై కొలిపించి, 1995లో కుమారుడు డగ్లసుతో కలసి ప్రచురించిన ఉద్గ్రంథము నేటికిని పందెపు ఇంజనీర్ల బల్లలపై నలుగుచున్నది. నూటొక్క యేండ్లు జీవించెను. తలక్రిందులైన ప్రతివాడును తాను తలక్రిందులైన కారణమును ఇంత ఓపికగా వెదకినచో శాస్త్రమునకు కొదువ యేమి!

ఆచరణ మాట యడుగుదురా? ఫిట్ వంటి కార్లలో వెనుక చక్రములను కలుపునది మెలితిరుగు అడ్డదూలము. నియమములు ఒప్పుకొన్నచోట దానికి తోడుగా ఉక్కుకడ్డీని బిగింతురు; ఒప్పుకొననిచోట అనుమతించిన స్ప్రింగులతోనే సరిపెట్టుకొందురు. ట్రాకునుండి కారు లోపలికి రాగానే సహాయకుడొకడు సూదివంటి ఉష్ణమాపకమును టైరు రబ్బరులోనికి లోపలి అంచున, నడుమ, వెలుపలి అంచున వరుసగా గ్రుచ్చి అంకెలు వ్రాసికొనును. నడుమ ఎక్కువ వేడిగానున్న గాలి యెక్కువ. వెలుపలి అంచు కాగియున్న చక్రపు వాలు చాలలేదు.

ప్రయోజనమేమని సంపాదకులు ప్రతి మాసమును అడుగుదురు. నిత్యజీవితమునకు దీనివలన ప్రయోజనము లేదు, సరిగదా అపాయము కలదు. భయపడిన సామాన్య చోదకుడు మొట్టమొదట చేయునది యాక్సిలరేటరు నుండి కాలు తీయుట. అప్పుడు భారము ముందునకు దూకి వెనుక తేలికపడును. వెనుక భాగము ముందే పట్టు అంచున నిలిచియున్నచో కారు బొంగరమగును. అందుచేతనే తయారీదారులు బుద్ధిపూర్వకముగా అండర్‌స్టీర్‌ను కారులో పెట్టి పంపుదురు. హైదరాబాదు ఔటర్ రింగురోడ్డుపై విన్యాసములు చేయు యువకులు ఈ వ్యాసము చదివి వెనుక కడ్డీల కొఱకు బయలుదేరకుందురు గాక. అంత ఉబలాటమున్నవారికి చెన్నై చెంత ఇరుంగాట్టుకోట్టైలోను, కోయంబత్తూరున కరి మోటార్ స్పీడ్‌వేలోను ట్రాకులు కలవు.

టెక్సాసు పాఠకులకు మాత్రము రెండు హెచ్చరికలు. ముందు చక్రములు లాగు కారులో వెనుక టైర్లు పనిలేక ఆలస్యముగా వేడెక్కును. మొదటి ఒకటి రెండు చుట్లలో ముందు టైర్లు సిద్ధమై వెనుకవి చల్లగా నుండుట చేతనే అనుభవము లేనివారు ఆరంభములోనే గిఱ్ఱున తిరిగి గడ్డిలో తేలుదురు. వాన పడినచో పార్శ్వబలమే తక్కువ, భారపు బదిలీయు తక్కువ, చక్రము ఎటులను లేవదు. ఆనాడు పందెమునకు ముందే జాకీ పెట్టి, స్పానరు పట్టి, వెనుక కడ్డీ చివరనున్న లింకును విప్పివేయుడు.