క్రిస్మస్ చెట్టుకు కశ్మీరీ కాగితపు బంతి: చేతిపనికి పండగే ఆసరా, పండగే గండం

అమెరికాలోనో జర్మనీలోనో డిసెంబరులో ఒక ఇంట్లో నిలబెట్టిన క్రిస్మస్ చెట్టుకు వేలాడే పూలబంతి, శ్రీనగర్ పాతబస్తీలో తయారై ఉండొచ్చు. జడీబల్, హసనాబాద్, ఆలంగరీ బజార్ వంటి పేటల్లో తరతరాలుగా కాగితపు గుజ్జుతో వస్తువులు చేసే కుటుంబాలున్నాయి. వీరిలో ఎక్కువమంది షియా ముస్లింలు. తమది కాని పండగ కోసం వీరు ఏటా బంతులు, నక్షత్రాలు, గంటలు, చంద్రవంకలు, ఏనుగులు, పిట్టలు చేసి రంగులద్ది పంపిస్తారు.

కశ్మీర్ పేపర్ మాషే కళకు ఈ ఆర్డర్లు పెద్ద ఆసరా. ఆ కళ బలహీనత కూడా ఇక్కడే ఉంది. కొనేవాళ్లు వేల మైళ్ల దూరంలో ఉంటారు. సీజన్ ఏడాదికి ఒక్కటే. ధర నిర్ణయించేది చేసినవాళ్లు కాదు. ఈ ఒత్తిడి ఎక్కడ పడుతుందో తెలియాలంటే ముందు ఆ బంతి ఎలా తయారవుతుందో చూడాలి.

ఒక బంతి, రెండు వృత్తులు

పేపర్ మాషే అనే ఫ్రెంచి మాటకు 'నమిలిన కాగితం' అని అర్థం. తెలుగు పల్లెల్లో పాత కాగితాలు, మెంతులు నానబెట్టి రుబ్బి, ఆ ముద్దను కుండ మీద మెత్తి గంపలు, బుట్టలు చేయడం పాత తరానికి తెలిసిందే. కశ్మీర్‌లో జరిగేదీ మూలంలో అదే పని. అయితే అక్కడ దాన్ని రెండు వేర్వేరు వృత్తులుగా విడదీశారు. ఆకారం చేసే పనిని సఖ్త్‌సాజీ అంటారు. దానిపై రంగులతో చిత్రించే పని నఖాషీ.

సఖ్త్‌సాజ్ ముందు పాత కాగితాలను కొన్ని రోజులు నీళ్లలో నానబెడతాడు. అవి మెత్తబడ్డాక గుడ్డపీలికలు, వరిగడ్డి కలిపి రోట్లో దంచుతాడు. పురుగు పట్టకుండా కొద్దిగా మైలతుత్తం వేస్తాడు. ఈ గుజ్జును బియ్యపు జిగురుతో కలిపి, చెక్కతోనో మట్టితోనో ఇత్తడితోనో చేసిన అచ్చుపై పొరలుపొరలుగా మెత్తుతాడు. రెండు మూడు రోజులు ఆరాక చిన్న రంపంతో మధ్యకు కోసి అచ్చును బయటికి తీస్తాడు. రెండు డిప్పలనూ మళ్లీ జిగురుతో అతికిస్తాడు. లోపల బోలుగా ఉండే ఈ బంతి చాలా తేలిక.

తర్వాత అతుకు కనిపించకుండా ఆకురాయితో రుద్దుతారు. జిగురు, సుద్ద కలిపిన పూత పూసి, ఆరాక కాల్చిన ఇటుక ముక్కతో నున్న చేస్తారు. పూత పగుళ్లివ్వకుండా పైన పల్చటి కాగితం అతికించి మళ్లీ రుద్దుతారు. నఖాష్ చేతికి వచ్చేసరికి బంతి పైభాగం గుడ్డుపెంకులా నునుపుగా ఉండాలి. అలా లేకపోతే సన్నని గీత నిలవదు.

నఖాష్ ముందు నేలరంగు వేస్తాడు. సన్నని వెంట్రుకల కుంచెతో, చాలాసార్లు పెన్సిల్ గీత కూడా లేకుండా, తీగలు, పూలు, ఆకులు వేసుకుంటూ పోతాడు. వెయ్యి పూల 'హజారా', పూవులో పూవు ఒదిగే 'గుల్ అందర్ గుల్', చినారు ఆకు, బుల్బుల్, లకుముకిపిట్ట అక్కడి పాత నమూనాలు. క్రిస్మస్ బంతులపై వీటి పక్కనే శాంతాక్లాజ్, మంచు, ఫర్ చెట్టు చేరాయి. ఖరీదైన వాటికి బంగారు రేకు అద్దుతారు. చివరగా వార్నిష్ పూసి, వేలాడదీయడానికి పైన దారం కడతారు.

శాలువా పెట్టె నుంచి చెట్టు బంతి దాకా

ఈ కళ మొదట వేలాడే అలంకారాల కోసం పుట్టలేదు. 14వ శతాబ్దంలో పర్షియా నుంచి వచ్చిన సూఫీ గురువు మీర్ సయ్యద్ అలీ హమదానీతోనూ, ఆయన వెంట వచ్చిన చేతిపనివారితోనూ ఇది లోయలో అడుగుపెట్టిందని కశ్మీరీల నమ్మకం. 15వ శతాబ్దంలో సుల్తాన్ జైనులాబిదీన్ మధ్య ఆసియా నిపుణులను రప్పించి దీన్ని పోషించాడు. అప్పట్లో కలాల పెట్టెలు ఎక్కువగా చేయడం వల్ల దీనికి 'కార్-ఎ-కలందానీ' అనే పేరుంది. ఆ కుంచెపనిని ఇప్పటికీ శ్రీనగర్‌లోని షా-ఎ-హమదాన్ ఖాన్‌కా పైకప్పు మీద, గోడల మీద చూడొచ్చు.

19వ శతాబ్దంలో ఫ్రాన్స్ కశ్మీరీ శాలువాల మోజులో పడింది. శాలువాలను చిత్రించిన పేపర్ మాషే పెట్టెల్లో పెట్టి పంపేవారు. అక్కడ ఆ పెట్టెలు విడిగా కూడా అమ్ముడుపోవడం మొదలైంది. ఫ్రెంచి పేరు స్థిరపడడానికి ఆ వ్యాపారమే కారణమంటారు. 1870-71లో ఫ్రాన్స్, ప్రష్యా మధ్య యుద్ధం వచ్చింది. శాలువాల మార్కెట్ కుప్పకూలింది. ఆ వెంటనే వచ్చిన 1877-79 కరవు కశ్మీర్ నేతగాళ్లను చిదిమేసింది. దూరదేశంలోని ఒకే మార్కెట్‌ను నమ్ముకుంటే ఏమవుతుందో లోయ అప్పుడే చూసింది.

శాలువాలు పోయినా కుంచె ఆగలేదు. యాత్రికులు, ఎగుమతిదారుల కోసం పెట్టెలు, పళ్లేలు, దీపస్తంభాలు చేశారు. ఆ వరసలోనే క్రిస్మస్ అలంకారాలు చేరాయి. పెట్టెతో పోలిస్తే బంతి చిన్నది. కాగితపుది కాబట్టి పగలదు, రవాణా బరువు తక్కువ. ఒకే ఇల్లు ఒకేసారి పది, పన్నెండు కొంటుంది. ఎగుమతికి ఇంతకన్నా అనువైన వస్తువు దొరకడం కష్టం.

యంత్రం వదిలేసిన చోటు

చెట్టుకు బంతులు కట్టే అలవాటు జర్మనీది. 19వ శతాబ్దం మధ్యలో తురింగియా ప్రాంతంలోని లౌషా ఊరి గాజుపనివాళ్లు బంతులు ఊది, లోపల వెండిపూత పూసి అమ్మడం మొదలుపెట్టారు. 1848లో ఒక లండన్ పత్రిక విక్టోరియా రాణి కుటుంబం క్రిస్మస్ చెట్టు చుట్టూ నిలబడ్డ బొమ్మ అచ్చువేసింది. దాంతో ఆ అలవాటు బ్రిటన్‌లో, అమెరికాలో వ్యాపించింది. 1880 నుంచి వూల్‌వర్త్ దుకాణాలు లౌషా బంతులను అమెరికాలో అమ్మాయి.

1939లో అమెరికాలోని కార్నింగ్ గాజు సంస్థ, విద్యుత్ బల్బులు చేసే యంత్రంతోనే క్రిస్మస్ బంతులు చేయడం ప్రారంభించింది. లౌషా కుటుంబాలు చేత్తో ఊదేవాటిని ఆ యంత్రం లెక్కలేనన్నిగా పోసేది. ఇప్పుడు ప్రపంచ మార్కెట్లో చవక అలంకారాల్లో పెద్ద వాటా చైనాది. అందులో ఇవూ నగరం పేరు ముందుంటుంది.

గుండ్రంగా, మెరుస్తూ, చవగ్గా ఉండడంలో చేతిపని ఇక పోటీ పడలేదు. దానికి మిగిలింది ఒక్కటే. ఏ రెండూ ఒకేలా ఉండని, దగ్గరగా చూస్తే మనిషి చెయ్యి కనిపించే బంతి. చెక్ దేశంలో గాజు పూసలు ఊది చేసే చెట్టు అలంకారాల తయారీని 2020లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. కశ్మీరీ బంతికి విదేశాల్లో చోటు దొరికింది కూడా ఈ కారణంతోనే.

ఒక్క సీజన్ తప్పితే

సరుకు నవంబరుకల్లా విదేశీ దుకాణాల్లో ఉండాలి. అంటే శ్రీనగర్‌లో పని వసంతంలోనే మొదలై, వేసవంతా సాగి, శరదృతువు దాటకముందే పూర్తికావాలి. జనవరిలో క్రిస్మస్ బంతి ఎవరూ కొనరు. అందుకే ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఏ గండం వచ్చినా ఏడాది పని దెబ్బతింటుంది.

ఇటీవల ఆ గండాలు వరసగా వచ్చాయి. 2014 సెప్టెంబరులో ఝీలం వరద శ్రీనగర్‌ను ముంచింది. 2019 ఆగస్టు 5న 370వ అధికరణం కింద ఉన్న ప్రత్యేక ప్రతిపత్తి రద్దుతో పాటే ఫోన్లు, ఇంటర్నెట్ ఆగిపోయాయి. నమూనాల ఫొటోలు పంపడం, ఆర్డరు ఖరారు చేసుకోవడం అంతా ఆన్‌లైన్లోనే సాగే వ్యాపారానికి అది గొంతు నొక్కడమే. మరుసటి ఏడాది కోవిడ్ వచ్చింది. 2025లో అమెరికా భారత సరుకుపై సుంకాన్ని ఆగస్టు 7న 25 శాతానికి, ఆగస్టు 27న 50 శాతానికి పెంచింది. క్రిస్మస్ సరుకు కట్టలు కట్టి పంపే రోజులు సరిగ్గా అవే.

సుంకం పెరిగినప్పుడు దిగుమతిదారు తగ్గింపు అడుగుతాడు. ఎగుమతిదారు ఆ భారాన్ని కిందికి తోస్తాడు. వస్తువుకు ఇంత అని కూలి తీసుకునే నఖాష్ దగ్గర అది ఆగుతుంది. అతనికి తోయడానికి కింద ఎవరూ లేరు. అతను చేయగలిగిందల్లా ఒక్కో బంతికి పెట్టే సమయం తగ్గించడమే.

తగ్గేది కూలి మాత్రమే కాదు

సమయం తగ్గించే దారులు కొన్నే. గుజ్జు దంచే పని మానేసి తయారు అట్టనో చెక్కనో వాడటం ఒకటి. రుద్దే విడతలు తగ్గించడం రెండోది. చేత్తో గీయాల్సిన పూలను అచ్చు ముద్రతో వేయడం మూడోది. బంతి చవకవుతుంది. కానీ యంత్రపు సరుకు నుంచి దాన్ని వేరుచేసిన లక్షణమే పోతుంది. అప్పుడు ఎక్కువ ధర అడగడానికి కారణం మిగలదు. ముందుగా నష్టపోయేది సఖ్త్‌సాజ్. అతని పని పైకి కనిపించదు కాబట్టి, అది లేకపోయినా కొనేవాడికి వెంటనే తెలియదు.

అసలు చేతిపనిని గుర్తించడం అంత కష్టమేమీ కాదు. చేతిలోకి తీసుకుంటే బరువు తెలియనంత తేలికగా ఉంటుంది. ఒకే నమూనా బంతులు రెండు పక్కపక్కన పెడితే పూరేకుల్లో, తీగ మలుపుల్లో తేడాలు కనిపిస్తాయి. అచ్చుపనిలో అవి ఉండవు. కుంచె గీత మొదట లావుగా ఉండి చివర సన్నబడుతుంది. ముద్రించిన గీత అంతటా ఒకే మందంగా ఉంటుంది.

కశ్మీర్ పేపర్ మాషేకు భౌగోళిక గుర్తింపు ఉంది. 2021లో యునెస్కో శ్రీనగర్‌ను చేతివృత్తుల విభాగంలో సృజనాత్మక నగరంగా గుర్తించింది. ఈ కళలో ఫయాజ్ అహ్మద్ జాన్‌కు 2019లో పద్మశ్రీ దక్కింది. గౌరవాలకు లోటు లేదు. కానీ కూలి పెరగనిదే కొడుకో కూతురో కుంచె పట్టరు. నేర్చుకోవడానికి ఏళ్లు పట్టే పనిని, సంపాదన ఖాయం లేకుండా ఎంచుకోమని ఎవరినీ అడగలేం.

తెలుగు నేలపై పోలిక

అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక బొమ్మలది కొంతవరకు ఇలాంటి కథే. అంకుడు కర్రను తరిణపట్టి, లక్కపూత పూసి చేసే ఈ బొమ్మలకు సహజ రంగులను తిరిగి అలవాటు చేయడం కొత్త మార్కెట్లు తెరిచింది. ఆ కృషి చేసిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. కొండపల్లి బొమ్మలకూ సీజన్ ఉంది. కానీ దసరా, సంక్రాంతి బొమ్మల కొలువుల కోసం కొనేవాళ్లు తెలుగు ఇళ్లవాళ్లే. ఆ గిరాకీని ఏ దేశపు సుంకమూ ఒక్క రాత్రిలో ఆపలేదు.

కశ్మీరీ బంతికి లేనిది ఆ ఇంటి మార్కెట్టే. కోస్తా ఆంధ్రలో చాలా ఇళ్లలో సరుగుడు కొమ్మే క్రిస్మస్ చెట్టు. గోవాలో, కేరళలో, ఈశాన్య రాష్ట్రాల్లో పండగ ఇంకా పెద్దది. ఆ చెట్లకు వేలాడేవి మాత్రం చాలావరకు ప్లాస్టిక్ బంతులు. శ్రీనగర్ నుంచి న్యూయార్క్ దాకా దారి తెలిసిన వస్తువుకు, విజయవాడ దాకా దారి లేదు. దేశంలో కొనేవాళ్లు పెరిగితే ఎగుమతి అవసరం పోదు. కానీ ఒక ఆగస్టు నెల దెబ్బకు ఏడాదంతా కూలిపోయే పరిస్థితి మారుతుంది. సఖ్త్‌సాజ్ గుజ్జు దంచడం మానకుండా ఉండాలంటే ముందు కావాల్సింది ఆ మార్పే.