నర్సమ్మకు నోటీసు వస్తే...

మనవాళ్ళెవరైనా ఆసుపత్రిలో ఉన్నప్పుడు అర్ధరాత్రి పిలిస్తే పలికేది నర్సమ్మే. మన ఇళ్ళల్లోంచి కూడా ఎంతోమంది ఆడపిల్లలు ఆ వృత్తిలోకి వెళ్తున్నారు. మరి ఆ నర్సు మీదే ఫిర్యాదు వచ్చి, "నీ పేరు రిజిస్టరులోంచి ఎందుకు తీసెయ్యకూడదో చెప్పు" అని నోటీసు వస్తే, ఆమె తరఫున మాట్లాడేదెవరు? ఈవేళ ఆ సంగతి చెప్పుకుందాం.

ఆమధ్య మా పక్కింటావిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ వచ్చింది. "వదినగారూ, మా అమ్మాయి ఉద్యోగం పోయేట్టుందండీ" అంది. ఆ పిల్ల ఒక ఆసుపత్రిలో నర్సు. ఇద్దరుండాల్సిన వార్డులో ఆ రాత్రి తనొక్కతే ఉంది. ఒకరికి ఇవ్వాల్సిన ఇంజక్షను ఇంకొకరికి ఇచ్చింది. దేవుడి దయవల్ల రోగికి ప్రమాదం తప్పింది. తెల్లారగానే పైవాళ్ళు పిలిచి, "తప్పంతా నాదేనని రాసిచ్చెయ్యి, ఇంతటితో పోతుంది" అన్నారట. పిల్ల హడలిపోయి రాసిచ్చేసింది. పోయిందా? పోలేదు. ఆ కాగితమే ఆమె మీద మొదటి సాక్ష్యమై కూర్చుంది!

ఇలాంటప్పుడు చిక్కు మూడు వైపుల నుంచి రావచ్చు. ఆసుపత్రివాళ్ళ విచారణ ఒకటి. దానివల్ల పోయేది ఆ ఉద్యోగం. రాష్ట్ర నర్సింగ్ కౌన్సిలు విచారణ రెండోది. మన ప్రాంతంలో నర్సుల రిజిస్ట్రేషనుకు మూలం మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో, 1926లో వచ్చిన చట్టం. రిజిస్టరులో పేరు లేకపోతే నర్సుగా ఎక్కడా పనిచెయ్యడానికి వీల్లేదు. విదేశాలకు వెళ్దామన్నా అక్కడివాళ్ళు ముందు ఇక్కడి కౌన్సిలునే అడుగుతారు. ఇక మూడోది పోలీసు కేసు. ఈ మూడూ వేరువేరు. ఒకచోట రాసిచ్చిన మాట మిగతా రెండుచోట్లకీ పాకుతుంది. అందుకే మొదటి కాగితం రాయకముందే లాయరును కలవాలి.

"తప్పు చేసిన పిల్లకు లాయరెందుకండీ?" అంటారేమో. తప్పు కప్పిపుచ్చడానికి కాదు. ఆ రాత్రి ఆమె పొరపాటెంత, ఇద్దరి పని ఒక్కతెకు అప్పగించినవారి పొరపాటెంత అన్నది విడదీసి చెప్పడానికి. అది తేలితే రేపు ఆ వార్డులో పడుకునే రోగికీ మంచిదే కదూ!

మన న్యాయస్థానాలు ఈ విషయం ఏనాడో చెప్పాయి. ప్రభుత్వోద్యోగి మీద చర్య తీసుకునేముందు అభియోగమేమిటో తెలపాలనీ, సాక్షులను ప్రశ్నించనివ్వాలనీ, తన మాట చెప్పుకోనివ్వాలనీ 1957లో ఖేమ్‌చంద్ కేసులో సుప్రీంకోర్టు అంది. ఉద్యోగ విచారణలో లాయరును పెట్టుకోవడం అన్నివేళలా హక్కు కాదు. అయితే యాజమాన్యం తరఫున న్యాయశాస్త్రం చదివినవాళ్ళు కూర్చున్నప్పుడు ఉద్యోగికి మాత్రం లాయరు వద్దనడం అన్యాయమని 1982లో బొంబాయి పోర్టు ట్రస్టు కేసులో అదే కోర్టు చెప్పింది. కనుక "నాతో లాయరును రానివ్వండి" అని ముందుగానే రాతపూర్వకంగా అడగాలి. లోపలికి రానివ్వకపోయినా, సంజాయిషీ లాయరు చేత రాయించుకోవద్దని ఎవరూ అనలేరు. తన మాట వినకుండానే పేరు కొట్టేస్తే హైకోర్టు తలుపు తట్టవచ్చు.

"లాయరంటే డబ్బు కదమ్మా" అని బెంగ వద్దు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళకు, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఉచిత న్యాయ సహాయం అడిగే హక్కుంది. జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవాధికార సంస్థలో ఒక అర్జీ ఇస్తే చాలు. 15100కి ఫోను చేసినా దారి చెబుతారు.

ఇంట్లోవాళ్ళం మనం చెయ్యాల్సిందీ ఉంది. నోటీసు అందిన తేదీ, జవాబుకిచ్చిన గడువు కాలెండరు మీద రాసిపెట్టండి. గడువు చాలకపోతే అది దాటకముందే ఇంకొంత వ్యవధి అడగమనండి. డ్యూటీ చార్టు, కేస్ షీటు నకళ్ళు కావాలని ఉత్తరం రాయమనండి. కేస్ షీటులో తర్వాత ఒక్క అక్షరం కూడా దిద్దవద్దని గట్టిగా చెప్పండి. పొరపాటును క్షమిస్తారేమో గానీ దిద్దుబాటును క్షమించరు. ఆ సంగతి వాట్సాప్‌లో స్నేహితులకు రాయవద్దనీ చెప్పండి.

మా పక్కింటి పిల్ల ఆ సంస్థ ద్వారానే ఒక లాయరమ్మను కలిసింది. "ఇంజక్షను పొరపాటు నాది, ఆ రాత్రి వార్డులో నేనొక్కదాన్నే ఉన్నాను, ఇదిగో చార్టు" అని, ఉన్నది ఉన్నట్టుగా కొత్తగా సంజాయిషీ ఇచ్చింది. హెచ్చరికతో వదిలిపెట్టారు. ఇప్పుడు ఆ వార్డులో రాత్రిళ్ళు ఇద్దరు నర్సులుంటున్నారట. "అత్తయ్యగారూ, ఆ మొదటి కాగితం రాసేముందు ఇంటికి ఒక్క ఫోను చెయ్యాల్సింది" అని ఇప్పటికీ అంటుంది. మీ ఇంటి పిల్లకు ఆ మాట ముందే చెప్పి ఉంచండి.