కిల్కెన్నీ మంత్రగత్తె

యూరపు ఖండమున మంత్రగత్తెలను వేటాడి కాల్చిన కాలమనగానే చరిత్ర చదువరులకు 16, 17 శతాబ్దములు స్ఫురించును. అందుకు ఎంతో పూర్వమే, 1324లో, ఐర్లండు దేశమందలి కిల్కెన్నీ పట్టణమున ఒక సంపన్నురాలిపై చేతబడి నేరము మోపి విచారణ నడిపిరి. ఆమె పేరు డేమ్ ఆలిస్ కైట్లర్. ఆలిస్ తప్పించుకొని పోయినది. మంటలకు ఆహుతి యైనది ఆమె పరిచారిక పెట్రొనిల్లా.

ఆలిస్ ఫ్లాండర్సు ప్రాంతమునుండి వచ్చి కిల్కెన్నీలో స్థిరపడిన వర్తక కుటుంబమునకు చెందినది. ఆమె వరుసగా నలుగురిని వివాహమాడెను. మొదటి భర్త విలియం ఔట్లా వడ్డీ వ్యాపారమున పేరు మోసినవాడు. వారికి తండ్రి పేరే పెట్టుకొన్న కొడుకు కలిగెను. రెండవ భర్త ఆడమ్ లె బ్లండ్. ఇతనికి సొంత సంతానమున్నను, 1307లో తన ఆస్తి హక్కులను, రావలసిన బాకీలను సవతి కొడుకైన విలియమునకు వ్రాసి యిచ్చెను. మూడవ భర్త రిచర్డ్ డి వాల్ మరణించిన పిమ్మట, వితంతువుగా తనకు రావలసిన భాగము కొరకు ఆలిస్ సవతి కుమారునిపై వ్యాజ్యము వేసెను. ఇన్ని కుటుంబముల పిల్లలు తమ తండ్రుల సొమ్ము ఒక్క యింటికి చేరుచుండుట చూచుచు ఊరకుందురా? ఈ కథకు మూలము దయ్యములలో కాక దస్తావేజులలో వెదకుట మేలని నా యభిప్రాయము.

నాల్గవ భర్త జాన్ లె పోయర్ రోగపీడితు డయ్యెను. అతని వెండ్రుకలు రాలిపోయెను, గోళ్లూడెను. పాషాణము తిన్నవారికి వెండ్రుకలు రాలును. దీర్ఘవ్యాధి పట్టినవారికిని రాలును. పరిచారిక యొకతె చెవిలో వేసిన మాట నమ్మి, అతడు భార్య పెట్టెలు తెరచి, అందు దొరకిన చూర్ణములను, ఇతర వస్తువులను బిషప్పునొద్దకు పంపెనని ఆనాటి కథనము.

ఆ బిషప్పు రిచర్డ్ డి లెడ్రెడ్. ఇతడు ఆంగ్లేయుడు, ఫ్రాన్సిస్కన్ సన్యాసి. 1317లో పోపు ఇరువది రెండవ జాన్ ఇతనిని ఆసరీ మండలమునకు బిషప్పుగా నియమించెను. ఆ పోపు ఫ్రాన్సు దక్షిణ భాగమందలి అవిన్యాన్ పట్టణమున కొలువుండెను. తనపై విషమును, మైనపు బొమ్మలను ప్రయోగించినాడను నేరమునకై కహోర్ బిషప్పు దహింపబడినదియు ఆ 1317లోనే. అట్టి భయము నిండిన సభనుండి వచ్చినవాడు లెడ్రెడ్. అంతవరకు ఐర్లండులో చేతబడి చిల్లర నేరము. అతని దృష్టిలో అది క్రైస్తవ ధర్మముపై తిరుగుబాటు.

ఆలిస్ పైనను, ఆమె సహచరుల పైనను ఏడు అభియోగములు మోపబడినవి. వారు క్రీస్తును నిరాకరించిరట. నాలుగు దారులు కలియు చోట సజీవ జంతువులను ఖండించి పిశాచములకు బలి యిచ్చిరట. శిరచ్ఛేదము పొందిన దొంగ పుర్రెలో పురుగులను, శవముల గోళ్లను ఉడికించి మందులు చేసిరట. ఆలిస్‌కు రాబిన్ ఆర్టిసన్ అను పిశాచము ప్రియుడట. వాడు ఒకప్పుడు పిల్లిగా, ఒకప్పుడు జూలుగల నల్లకుక్కగా, మరియొకప్పుడు నల్లని మనుష్యునిగా వచ్చునట. భర్తలను చంపి ఆస్తులను కాజేసినదన్న ఆరోపణయు ఈ పిశాచ కథల నడుమనే యున్నది. వీధుల చెత్తను సంధ్యవేళ కొడుకు గుమ్మము వైపు ఊడ్చి, పట్టణపు సిరి యంతయు ఆ యింట చేరవలెనని ఆమె గొణుగుకొనెనన్న కథ మాత్రము తరువాతి చరిత్రకారుల రచనలలో కనిపించును. అది పొరుగింటి ఓర్వలేనితనము పలికించిన మాటవలె నున్నది.

ఆలిస్‌ను పట్టుట బిషప్పునకు సులభము కాలేదు. రాజ్యపు ఛాన్సలరు రోజర్ ఔట్లా ఆమె మొదటి భర్త బంధువు. మతమునుండి వెలివేసి నలుబది దినములు గడవనిదే ఎవరిని బంధించుటకును ఉత్తర్వు ఈయజాలమని అతడు సమాధానమిచ్చెను. బిషప్పు కొడుకు విలియమును విచారణకు పిలిపింపగా, ఆ ప్రాంతపు రాజకీయాధికారి ఆర్నాల్డ్ లె పోయర్ బిషప్పునే పట్టించి పదునేడు దినములు చెరలో నుంచెను! లెడ్రెడ్ లొంగు మనిషి కాడు. తన మండలమంతటను మతకర్మలు నిలిపివేయుచు ఆజ్ఞ వెలువరించెను. వెలుపలికి వచ్చినప్పుడు పూర్తి పీఠాధిపతి వేషమున ఊరేగింపుగా వచ్చెను. ఆర్నాల్డ్ న్యాయసభలో అతనిని పరదేశినుండి వచ్చిన దిమ్మరిగా ఎత్తిపొడిచెను. ఇది మంత్రతంత్రముల వ్యాజ్యము మాత్రమే కాదు. రాజధర్మాసనము పెద్దదా, మతధర్మాసనము పెద్దదా అను తగవు.

చివరకు రాజాధికారులు బిషప్పునకు సహకరింపక తప్పలేదు. అప్పటికి ఆలిస్ దేశము విడిచెను. విలియం మోకరిల్లి క్షమాపణ వేడెను. ఏడాదిపాటు దినమునకు మూడు పూజలు వినుట, పేదలకు అన్నము పెట్టుట, ప్రధాన దేవాలయపు కప్పునకు సీసపు రేకులు వేయించుట అతనికి విధించిన ప్రాయశ్చిత్తము.

పెట్రొనిల్లాకు సీసము కొనగల ధనము లేదు. ఛాన్సలరు పదవిలో చుట్టము లేడు. ఆమె మీత్ ప్రాంతమునుండి వచ్చిన పనికత్తె. బిషప్పు ఆమెను ఆరు మార్లు కొరడాలతో కొట్టించెను. అటుపిమ్మట ఆమె అన్నియు ఒప్పుకొనెను. పిశాచమును కన్నులార చూచితినని, యజమానురాలు తన గురువని, అంతటి నేర్పరి ఇంగ్లండు రాజు ఏలుబడిలో మరియొకతె లేదని చెప్పెను. ఆరు మార్లు కొరడా దెబ్బలు తిన్న పిమ్మట ఏ ప్రశ్నకు ఏ జవాబు చెప్పిన దెబ్బలాగునో మనిషి త్వరలోనే గ్రహించును. 1324 నవంబరు 3వ తేదీన కిల్కెన్నీలో జనసమూహము నడుమ ఆమెను సజీవముగా దహించిరి. ఐర్లండులో ఈ నేరమునకై కాల్చబడిన మొదటి స్త్రీ ఆమెయే యని ఆనాటి లాటిను కథనము చెప్పుచున్నది. ఆ కథనము కొంత విజయగర్వముతో వ్రాయబడినది. అది బిషప్పు స్వయముగానో, అతని పక్షమువారో వ్రాసినది. 1843లో లండనులో అచ్చుపడిన ఆ గ్రంథమే ఈ చరిత్రకు ముఖ్యాధారము. ఆలిస్ నోటి మాట, పెట్రొనిల్లా నోటి మాట మనకు దానిద్వారానే వినవలెను. చరిత్ర బోధించు ఉపాధ్యాయులు ఈ ఒక్క సంగతిపై ఒక తరగతి గడుపవచ్చును.

ఆర్నాల్డ్ లె పోయర్ తరువాత అదే బిషప్పు మోపిన మతద్రోహ నేరముపై డబ్లిను కోటలో బందీగా మరణించెను. 1332లో ప్రధాన దేవాలయపు గోపురము కూలెను. విలియం వేయించిన సీసపు బరువే కారణమని చెప్పుకొందురు. లెడ్రెడ్ కొన్నియేండ్లు ప్రవాసమున గడిపి మరల తన పీఠమునకు వచ్చి ముసలివాడై మరణించెను. ఇతడు కవి కూడను! మతగురువుల నోళ్లు లౌకిక గీతములతో మైలపడరాదని, జనుల పాటల వరుసలలోనే లాటిను కీర్తనలు కట్టెను. ఇటువంటి మృదుకవిత వ్రాసిన చేయియే కొరడా దెబ్బలకు ఆజ్ఞ వ్రాసినది.

గీతాంజలి ఆంగ్లానువాదమునకు పీఠిక వ్రాసిన యేట్సు మహాకవి, 1919 నాటి ఐర్లండు రక్తపాతమును గూర్చి వ్రాసిన కవితలో ఆలిస్‌ను, ఆమె పిశాచ ప్రియుని స్మరించెను. పెట్రొనిల్లా పేరు అందులో లేదు. అర్ధశతాబ్దము గడచిన పిమ్మట, 1979లో, జూడీ చికాగో అను అమెరికా కళాకారిణి చరిత్రలోని 39 మంది స్త్రీల గౌరవార్థము ఒక పెద్ద విందుబల్ల నిర్మించెను. అది న్యూయార్కు నగరమున బ్రూక్లిన్ మ్యూజియములో నున్నది. ఆ బల్లయొద్ద ఆలిస్‌కు స్థానము లేదు. పెట్రొనిల్లాకు ఒక పళ్లెమున్నది.