ఉదర బృహద్ధమని ఎన్యూరిజం చిట్లుట
గుండె నుండి బయలుదేరే బృహద్ధమని ఉదరములో, సాధారణముగా మూత్రపిండ ధమనులకు దిగువన, గోడ బలహీనపడి బుడగవలె ఉబ్బుటను '''ఉదర బృహద్ధమని ఎన్యూరిజం''' అంటారు. మామూలుగా 2 సెం.మీ. వెడల్పు ఉండే ధమని 3 సెం.మీ. చేరినచో ఎన్యూరిజంగా పరిగణిస్తారు. పొగత్రాగే వృద్ధులలో, ముఖ్యముగా పురుషులలో ఎక్కువ. చిట్లేవరకు చాలామందికి ఏ బాధా తెలియదు.

==గుర్తించుట==
చిట్లినపుడు నడుములోగాని కడుపులోగాని హఠాత్తుగా తీవ్రమైన నొప్పి వస్తుంది, రక్తపోటు పడిపోతుంది, కడుపులో గుండెతోపాటు కొట్టుకొనే గడ్డ తగులుతుంది. ఈ మూడూ ఒకేసారి అందరిలో కనపడవు. అందువలన మూత్రపిండములో రాయి అని పొరబడుట తరచు జరుగుతుంది. అరవై దాటిన వ్యక్తికి మొదటిసారిగా 'రాతి నొప్పి' వచ్చినచో ముందు దీనిని అనుమానించవలెను. మంచము వద్దనే చేసే అల్ట్రాసౌండు ఉబ్బును నిమిషాలలో చూపుతుంది. రక్తస్రావమును నిర్ధారించుటకు సీటీ స్కాను కావలెను.

==చికిత్స==
స్పృహ ఉన్న రోగికి సెలైను ధారాళముగా ఎక్కించరు. రక్తపోటు పెరిగితే చిట్లినచోట అడ్డుపడిన రక్తపుగడ్డ కదలిపోవచ్చును. పొట్ట తెరచి, ఉబ్బుకు ఎగువన ధమనిని క్లాంపుతో బిగించి, డేక్రాన్ గొట్టమును కుట్టుట పాత పద్ధతి. తొడ ధమని గుండా స్టెంట్ గ్రాఫ్టును పంపే పద్ధతిని 1990లో హువాన్ పరోడి బ్యూనస్ ఎయిర్స్‌లో ప్రయోగించాడు. ఐన్‌స్టీన్ ఉబ్బుకు 1948లో రుడాల్ఫ్ నిస్సెన్ సెల్లోఫేన్ చుట్టాడు. 1955లో అది చిట్లగా ఐన్‌స్టీన్ శస్త్రచికిత్సకు నిరాకరించి మరణించాడు.

హనుమకొండ జిల్లా హసన్‌పర్తి రోగికి వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రి చేరువే. రక్తనాళ శస్త్రచికిత్సా విభాగమున్న హైదరాబాదు నిమ్స్ మాత్రము సుమారు 150 కి.మీ. దూరము. చిట్లినవారిలో అనేకులు ఆసుపత్రి చేరకముందే మరణిస్తారు. కనుక పురుషులలో ఉబ్బు 5.5 సెం.మీ. చేరగానే, చిట్లకముందే ఆపరేషను సూచిస్తారు.